ప్లైవుడ్ మీద అరకు లోయ



ఈ పూట మనం రైలు గురించి మాట్లాడుకుందాం. టికెట్టు కొనుక్కుని ఎక్కే రైలు కాదు, ఇంట్లో బల్ల మీద నడిచే రైలు. పుట్టినరోజుకి కొనిపెడితే రెండు రోజులు గుండ్రంగా తిరిగి, మూడో రోజు అటకెక్కే ఆటబొమ్మ కూడా కాదు. ఈ రైలుకు ఒక స్టేషను ఉంటుంది. స్టేషను వెనక కొండ ఉంటుంది. కొండలో సొరంగం, సొరంగం మీద చెట్లు, ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ, బెంచీ మీద తలగుడ్డ చుట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన. ఇవన్నీ ఎవరి చేత్తో వాళ్లు కట్టుకునేవి. దీన్ని మోడల్ రైల్వే లేఅవుట్ అంటారు.

ఇది నూరేళ్లు దాటిన అభిరుచి. పూర్వం బొమ్మరైళ్లు చేసే ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. ఒకరి బండి ఇంకొకరి పట్టాల మీద నడిచేది కాదు. జర్మనీలో మెర్క్లిన్ అనే బొమ్మల కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతకు ఒక కొత్త పద్ధతి తెచ్చింది. పట్టాల వెడల్పుకు లెక్కలు కట్టి స్థిరం చేసింది. అప్పట్నుంచి ఈ ఏడు ఒక పెట్టె, వచ్చే ఏడు నాలుగు పట్టాలు, ఆ పై ఏడు పట్టాలు చీలే పాయింటు ఒకటి, ఇలా కొనుక్కుంటూ కలుపుకుంటూ పోవచ్చు. బొమ్మ కాస్తా పెరుగుతూ పోయే లోకమైంది. 1920లో ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ రైళ్లు వచ్చాయి. ఆ తర్వాత ఇది దేశదేశాలకు పాకింది.

పెద్దవాళ్లకు ఇదేం పిచ్చి అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. రాడ్ స్టువర్ట్ అని బ్రిటన్‌లో పేరుమోసిన పాప్ గాయకుడు ఉన్నాడు. ఆయన తన ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా కూర్చుని, 1940ల నాటి అమెరికా నగరం ఒకదాన్ని రైళ్లతో సహా కట్టాడు. కచేరీలకు ఊరూరా తిరిగేటప్పుడు హోటల్లో ఇంకో గది అడిగి తీసుకునేవాడు. అందులోంచి మంచాలు తీయించి, బల్ల వేయించుకుని, మేడలు చేసుకునేవాడు. 2019లో ఆ సంగతి బయటికొచ్చింది. ఇదంతా ఆయనే చేసి ఉండడని ఒక రేడియో వ్యాఖ్యాత అన్నాడు. వెంటనే ఆయన ఆ కార్యక్రమానికే ఫోను చేసి, నూటికి తొంభై పాళ్లు నేనే చేశాను, నాకు చేతకానిది కరెంటు పని ఒక్కటే అని చెప్పాడు. లక్షల మంది చప్పట్లు కొట్టిన మనిషికి, ఆ అట్టముక్కల మేడలు తన చేతి పని అని చెప్పుకోవడం అంత ముఖ్యమైంది. నాకు అది చాలా నచ్చింది.

సరే, అసలు విషయానికి వద్దాం. ఈ పని మొదలుపెట్టేవాళ్లు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న: ఏ ఇంజను కొనాలి? అది తర్వాత సంగతి. ముందు తేల్చుకోవలసింది వేరే ఉంది. ఏ చోటు? ఏ వేళ? ఈ రెండూ తేలితే మిగతావన్నీ వాటంతటవే తేలతాయి. మళ్లీ చెబుతాను, గుర్తుంచుకోండి. ఒక్క చోటు, ఒక్క వేళ.

ఉదాహరణకు మనందరికీ తెలిసిన చోటునే తీసుకుందాం. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు మీలో చాలామంది ఎక్కే ఉంటారు. కొత్తవలస దాటి, శృంగవరపుకోట దాటాక ఘాటు మొదలవుతుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడం కోసం 1960లలో వేసిన దారి అది. దారి చివర ఉన్న కిరండూల్ దాకా చూస్తే 58 సొరంగాలు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. బొర్రా గుహలు దాటి పైకి వెళ్తే శిమిలిగుడ వస్తుంది. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల కంటే కాస్త తక్కువ ఎత్తున ఉన్న చిన్న స్టేషను. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అన్నిటికంటే ఎత్తైనదని ఒకప్పుడు దానికి పేరు.

ఈ దారిని ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ మీద పెట్టగలమా? మొత్తం పెట్టలేం. ఎందుకో చూడండి. మోడల్ రైళ్లలో ఎక్కువమంది వాడే కొలతను హెచ్‌ఓ అంటారు. అసలు రైల్లో 87వ వంతు అన్నమాట. ఆ కొలతలో మన రైలుపెట్టె జానెడు కంటే కాస్త పొడుగు. మనిషి రెండు సెంటీమీటర్లు, అంటే మీ చిటికెన వేలి చివరి కణుపంత. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ రాజమండ్రి దగ్గర గోదావరి మీద ఆర్చి వంతెన ఉంది కదా, దాన్ని ఇదే కొలతలో కడితే 30 మీటర్ల పైచిలుకు వస్తుంది. ఒక్క ఆర్చీయే మీటరు దాటుతుంది. ఘాటు రోడ్డులా తిరిగే రైలు మలుపును ఇదే లెక్కన తగ్గించినా, ఆ మలుపు తిరిగి రావడానికి నాలుగైదు మీటర్ల వెడల్పు గది కావాలి.

కాబట్టి వదిలెయ్యడం నేర్చుకోవాలి. నా లెక్కలో ఈ కళలో సగం పనితనం అక్కడే ఉంది. గోదావరి కావాలా? రెండు ఆర్చీలు కట్టి, వాటి కింద ఇసుక తిన్నె ఒకటి, పడవ ఒకటి పెట్టండి. రాజమండ్రివాళ్లు చూడగానే గుర్తుపడతారు. అరకు కావాలా? యాభై ఎనిమిది సొరంగాలు అక్కర్లేదు. రెండు చాలు.

ఆ రెండు సొరంగాలూ మనకు ఎంత సాయం చేస్తాయో చెబుతాను. బల్ల చిన్నది కాబట్టి పట్టాలు ఎక్కడో ఒకచోట మరీ వంపుగా తిరగాలి. అలాంటి మలుపులో పొడుగు పెట్టెలు వంకరగా వేలాడుతూ ఎబ్బెట్టుగా కనిపిస్తాయి. ఆ మలుపును కొండలో దాచెయ్యండి. రైలు స్టేషనులోంచి బయల్దేరి సొరంగంలోకి పోతుంది. లోపల పట్టాల మీద దాన్ని ఒకటి రెండు నిమిషాలు ఆపండి. తర్వాత రెండో సొరంగంలోంచి బయటికి రానివ్వండి. అది నిజంగా పోయింది నాలుగడుగులే. చూసేవాళ్ల మనసులో మాత్రం కొండంతా ఎక్కి వచ్చింది. నిజమైన ఘాటులో సొరంగాలు ఉన్నాయి కనుక ఇది మోసంలా కూడా అనిపించదు. చోటును సరిగ్గా ఎంచుకుంటే చోటే మనకు దారి చూపిస్తుంది.

చోటు తేలింది. ఇక వేళ. ఇది చాలామంది పట్టించుకోరు. ఏ నెల? నవంబరు, డిసెంబరు అనుకుందాం. అరకులో వలిసెలు పూసే కాలం. లోయంతా పసుపు మడులు. అయితే మీ కొండ కింద పొలానికి ఆకుపచ్చ కాదు, పసుపు రంగు పొడి కావాలి. వానలు వెళ్లిపోయాయి కాబట్టి గట్ల మీద గడ్డి కొసలు అప్పుడే ఎండుతుంటాయి. వాగులో నీళ్లు తేటపడి ఉంటాయి. అదే జూలై అనుకోండి, మట్టి రంగు మారుతుంది, వాగు రంగు మారుతుంది, ప్లాట్‌ఫారం మీద గొడుగులు వస్తాయి. ఇక ఏ సంవత్సరం? పైకప్పుకు అద్దాలున్న బోగీ పెడితే అది 2017 తర్వాతి రైలు. దాని పక్క లైనులో ఆవిరి ఇంజనును నిలబెట్టకూడదు. ఎంత అందమైన ఇంజనైనా సరే, నిలబెట్టకూడదు. రెండు కాలాలు ఒకే ప్లాట్‌ఫారం మీద కలిస్తే చూసేవాళ్లకు కారణం తెలియకపోవచ్చు. నమ్మకం మాత్రం సడలుతుంది. అందుకే అంటున్నాను, ఒక్క చోటు, ఒక్క వేళ.

ఇప్పుడు చేతిపనికి వద్దాం. నాకు చాలా ఇష్టమైన పని చెట్లు చెయ్యడం. అరకు దారిలో కాఫీ తోటలు చూసే ఉంటారు. కాఫీ మొక్కలకు నీడనివ్వడానికి సిల్వర్ ఓక్ చెట్లు వేస్తారు. నిటారుగా, సన్నగా, పైకి పైకి పోతాయి. వాటి మొదళ్లకు మిరియాల తీగ అల్లుకుని ఉంటుంది. ఈ చెట్టు చెయ్యడానికి పాత కరెంటు వైరు కావాలి. పైతొడుగు ఒలిచేస్తే లోపల సన్నటి రాగితీగలు గుత్తిగా ఉంటాయి. ఆ గుత్తిని అడుగున గట్టిగా మెలిపెట్టండి. అది కాండం. అడుగు కొసలు నాలుగు విడదీసి పరిస్తే వేళ్లు. కొంత పైకి వచ్చాక రెండు తీగలు పక్కకు విడదీసి మెలిపెట్టండి, కొమ్మ అవుతుంది. ఇంకొంచెం పైన ఇంకో రెండు. చివర మిగిలిన తీగలే రెమ్మలు. ఆ తర్వాత ఫెవికాల్‌లో సుద్దపొడి కలిపి కాండానికి పూస్తే బెరడు వస్తుంది.

దానికి ఏ రంగు వేస్తారు? చెట్టు మాను అనగానే చెయ్యి గోధుమరంగు సీసా మీదికి పోతుంది. ఒక్కసారి బయటికెళ్లి చెట్టును చూడండి. చాలా మానులు బూడిద రంగులో ఉంటాయి. సిల్వర్ ఓక్ మరీనూ. ఇంకో మాట. చెట్టు ఎత్తు. ఎదిగిన సిల్వర్ ఓక్ ఇరవై మీటర్లు ఉంటుంది. మన కొలతలో అది దాదాపు జానెడు, అంటే రైలుపెట్టె పొడవంత ఎత్తు! లేఅవుట్ కట్టేవాళ్లలో చాలామంది చెట్లను కురచగా చేస్తారు. చెట్టు రైలుకంటే బాగా ఎత్తుండాలి. అప్పుడే రైలు అడవిలో పోతున్నట్టుంటుంది.

తర్వాత కంకర. పట్టాల మధ్య, పట్టాల పక్కన పోసే రాయి. ఇది ఓపిక పని. అసలు కంకర రాయిని 87వ వంతు చేస్తే అర మిల్లీమీటరు, అటూ ఇటుగా ఉప్మా రవ్వంత. రవ్వే వాడొచ్చు కదా అనకండి, పురుగు పడుతుంది. సన్నటి రాతిపొడిని జల్లెడ పట్టుకోండి. చెంచాతో పట్టాల మధ్య పొయ్యండి. మెత్తటి కుంచెతో స్లీపర్ల సందుల్లోకి తొయ్యండి. స్లీపరు పైభాగం మీద ఒక్క గింజ ఉండకూడదు. పాయింటు కదిలే చోట అసలే ఉండకూడదు. తర్వాత నీళ్లు చిలకరించాలి. ఆ నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వెయ్యండి. ఆ చుక్క చాలా ముఖ్యం. అది లేకపోతే నీటిబొట్టు రాతిపొడి మీద ఉండలా నిలబడి, గింజల్ని చుట్టుకుని గుంటలు చేస్తుంది. అది ఉంటే నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి. ఆ పైన ఫెవికాల్‌ను సగానికి సగం నీళ్లతో పలచన చేసి, సిరంజితో చుక్కచుక్కగా వదలండి. ఇక ముట్టుకోకండి. మర్నాటికి రాయిలా బిగుస్తుంది.

మట్టి కావాలంటే మన పెరట్లో మట్టే మంచిది. ఆ రంగు ఏ దుకాణంలోనూ దొరకదు. అయితే దాన్ని ముందు పెనం మీద బాగా వేయించండి, పురుగూ గుడ్డూ చస్తాయి. తర్వాత దాని మీద అయస్కాంతం తిప్పండి. ఎందుకంటే మట్టిలో సన్నటి ఇనుప రజను ఉంటుంది. ఇంజనులో మోటారుకు అయస్కాంతం ఉంటుంది కదా, ఆ రజను లాక్కుని అది పాడవుతుంది.

స్టేషను పేరు బోర్డు సంగతి కూడా చెప్పాలి. పసుపు పలక మీద నల్లటి అక్షరాలు. తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఊరి పేరు, కింద సముద్రమట్టానికి ఎత్తు. మన కొలతలో అది రెండు మూడు సెంటీమీటర్లు మించదు. కాగితం మీద అచ్చు వేసి, పాత శుభలేఖ అట్టకు అంటించి, చీపురుపుల్లల కాళ్లు పెడితే సరి. శుభలేఖ అట్టలు పారెయ్యకండి. స్టేషను గోడలకూ, ప్లాట్‌ఫారం అంచుకూ, కిటికీ చట్రాలకూ అంతకంటే మంచి సరుకు లేదు. విదేశీ సామాను ఖరీదెక్కువ. ఇంజను ఒక్కటే వేల రూపాయలు. కానీ ఇంజను, పట్టాలు, కరెంటు పెట్టె తప్ప మిగతా అంతా మన ఇంట్లోనే దొరుకుతుంది.

బోర్డు పెట్టాక దాన్ని కాస్త పాతబరచండి. కొత్త బొమ్మ మెరుస్తుంది. నిజమైన రైల్వేలో మెరిసేది పట్టా పైభాగం ఒక్కటే. కాలిఫోర్నియాలో జాన్ ఆలెన్ అనే ఫొటోగ్రాఫరు ఉండేవాడు. బొమ్మపెట్టెలకు మసి, తుప్పు, ధూళి పూసి చూపించి, అవి నిజమైనవనిపించేలా చేసినవాళ్లలో ఆయనది పెద్ద పేరు. 1973లో ఆయన పోయిన కొద్ది రోజులకే ఆయన కట్టిన లేఅవుట్ నిప్పంటుకుని చాలా వరకు కాలిపోయింది. ఆయన తీసిన ఫొటోలు మిగిలాయి. వాటిని చూసి ఇప్పటికీ నేర్చుకుంటున్నారు. మన అరకు దారిలో అయితే ఇనుప ఖనిజం వ్యాగన్లకు ఎర్రటి ధూళి పట్టించాలి. పలచటి రంగు నీళ్లు పూసి, పైనుంచి కిందికి తుడవండి. వాన కారినట్టు చారలు పడతాయి. ఎక్కువ పూయకండి. ఒకసారి పూసి, ఆరనిచ్చి, మర్నాడు పొద్దున వెలుతురులో చూసి అప్పుడు రెండోసారి పూయండి.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్, అమెరికాల గేజికి సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87వ వంతు చేస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే మన పెట్టెను సరైన కొలతలో చేసి ఆ పట్టాల మీద పెడితే కింద పట్టాలు ఇరుకుగా కనిపిస్తాయి. ఏం చెయ్యాలి? పట్టాలు కూడా సొంతంగా పరుచుకునే ఓపికమంతులు ఉంటారు. వాళ్లకు నా దండం. కొత్తవాళ్లు మాత్రం ఆ తేడాతో సర్దుకుపొండి. పక్కనుంచి చూసేటప్పుడు అది కనిపించదు. బల్లను కంటి ఎత్తున పెట్టుకుంటే రైలును ఎప్పుడూ పక్కనుంచే చూస్తాం. మీటర్‌గేజ్ మీద మమకారం ఉన్నవాళ్లకు ఇంకా తేలిక. 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి, ఈ కొలతలో అవి మీటర్‌గేజ్‌కు దాదాపు సరిపోతాయి. గుంటూరు, నంద్యాల, గుంతకల్లు వైపు మీటర్‌గేజ్ బండ్లలో తిరిగిన పెద్దవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆ లైను బ్రాడ్‌గేజ్ అయిపోయింది. ఆ పెట్టెల్లో కూర్చున్నవాళ్లు కట్టకపోతే ఆ స్టేషన్లను మళ్లీ ఎవరు కడతారు?

మా ఇంట్లో ఎనిమిదడుగుల బల్లకు చోటెక్కడ అంటారేమో. దానికీ దారుంది. ఇంగ్లండులో అలన్ రైట్ అనే ఆయన ఒక చిన్న యార్డు కట్టాడు. మూడే లైన్లు. ఒకదానిలో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెంటిలో మూడేసి. మొత్తం ఎనిమిది వ్యాగన్లు ఉంటాయి. చీట్లు తీసి అందులో ఐదింటిని, చీటీ వచ్చిన వరసలోనే, ఒక రైలుగా కూర్చాలి. ఇంజను ముందుకీ వెనక్కీ పోతూ ఒక్కొక్కటే తగిలించుకుని విడిచిపెట్టాలి. వినడానికి పిల్లల ఆటలా ఉంది కదూ? ఐదు వ్యాగన్ల వరసలు 6,720 రకాలుగా రావచ్చు. గోడవార నాలుగైదడుగుల పలక ఉంటే చాలు. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకు నేను మొదట దీన్నే చెబుతాను.

కరెంటు గురించి రెండు మాటలు. రెండు పట్టాల్లోంచీ కరెంటు పోతుంది, చక్రాలు దాన్ని అందుకుంటాయి. ఎక్కువగా 12 వోల్టులే, పిల్లలకు భయం లేదు. రైలు ఆగిపోతే నూటికి తొంభైసార్లు కారణం దుమ్మే. స్పిరిట్‌లో తడిపిన బట్టతో పట్టా తుడవండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో చెమ్మకు ప్లైవుడ్ ఉబ్బుతుంది, కాబట్టి పట్టాలు పరిచేముందే అన్ని వైపులా వార్నిష్ వెయ్యాలి. వేసవిలో పట్టా సాగుతుంది, కాబట్టి అతుకుల దగ్గర సన్నటి సందు వదలాలి. సొరంగం వెనక చెయ్యి పట్టేంత ఖాళీ వదలండి. రైలు పట్టాలు తప్పేది ఎప్పుడూ మనకు కనిపించని చోటే!

కట్టకముందు ఒకసారి కళ్లారా చూడాలనుకుంటే పుణె వెళ్లండి. అక్కడ కొత్రూడ్‌లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. ఒక కుటుంబం తన అభిరుచితో నిలబెట్టిన మ్యూజియం అది. 1998 నుంచీ నడుస్తోంది. దీపాలార్పి రాత్రి చేసి, స్టేషను లైట్లు వెలిగించి, రైళ్లు నడిపి చూపిస్తారు. పిల్లల్ని తీసుకెళ్లండి.

అంత దూరం వెళ్లలేనివాళ్లకు ఇంకా దగ్గరి పని ఒకటి చెబుతాను. మీ ఊరి స్టేషనుకు, లేదా మీకు బాగా ఇష్టమైన చిన్న స్టేషనుకు, ఏ రైలూ లేని వేళ వెళ్లండి. ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని ఒక గంట కూర్చోండి. చేతిలో పుస్తకం, పెన్సిలు ఉండనివ్వండి. గోడకు కింద సగం ఏ రంగు, పై సగం ఏ రంగు? కుళాయి దగ్గర నీళ్లు ఏ వైపు పారి నాచు పట్టింది? చెట్టు నీడ బెంచీ మీద ఏ గంటకు పడుతోంది? కుక్క ఎక్కడ పడుకుంది? స్టేషను మాస్టరు గది తలుపు ఏ వైపు తెరుచుకుంటుంది? ఇవి రాసుకోండి. ఇంటికొచ్చి అడుగున్నర పలక మీద ఆ ఒక్క మూలే కట్టండి, ఆ బెంచీ, ఆ చెట్టు, ఆ కుళాయి. పట్టాలు ఒక అడుగు చాలు. ఇంజను వచ్చే నెల కొనుక్కోవచ్చు.